ముడుచుకోని చంద్రుడు

ఇనుము ఎండకి వేడెక్కుతుంది. నవత ‘ఏం కాదు’ అన్న మాటకి వేడెక్కుతుంది.

కూతురు వర్ణికకు జ్వరం వచ్చినప్పుడు అత్తగారు ‘ఏం గాదు’ అన్నది. పిల్లను ఆస్పత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చింది. గ్యాస్ వాసన వస్తోందని చెప్తే ఇంటి ఓనరు ‘ఏం కాదమ్మా’ అన్నాడు. వంటింటి కర్టెను కాలి బూడిదైంది. అప్పటి నుంచి ఎవరి నోట ఆ రెండు మాటలు విన్నా నవతకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. రాబోయే ఆపద ముందుగా కబురు పంపిందనే ఆమె లెక్క.

ఆ మధ్యాహ్నం ఒక చేతిలో అన్నం క్యారియరు, రెండో చేతిలో ఐదేళ్ల వర్ణిక. ఆటో కృష్ణానగర్ సందుల్లోంచి బయటపడి ఫిల్మ్‌నగర్ మిట్ట ఎక్కుతోంది. పిల్ల ఒళ్లో వెండిరంగు రెక్కల గౌను ఉన్న కవరు. తీసి చూస్తానని పిల్ల, నలుగుతుందని తల్లి. దారి పొడుగునా అదే తగువు.

“అమ్మా, చందమామ మీద కూసుంటే నేను కింద పడనా?”

“పడవు.”

“నీకెట్ల తెలుసు?”

“నోరు మూసుకొని కూసో.”

తెలియదు కాబట్టే కసిరింది. పెద్ద సినిమా. అందులో ఒక పాట. హీరోయిన్ కింద నిలబడి పాడుతుంటే పైనుంచి నెలవంక దిగుతుంది. దాని మీద రెక్కలు కట్టుకున్న నక్షత్రం పిల్ల కూర్చుని ఉంటుంది. ఆ పిల్లగా వర్ణికను ఎంచుకున్నారు. ఆ నెలవంకను ఇనుప పైపులతో చేసింది వర్ణిక తండ్రి మౌళి. సెట్లకు వెల్డింగ్ చేయడం అతని పని. ‘తండ్రి చేసిన చంద్రుడి మీద బిడ్డ. ఎంత అదృష్టం నవతా’ అని సందులో అందరూ అన్నారు. అన్నవాళ్లలో ఒక్కరు కూడా తమ పిల్లను అంత ఎత్తున వేలాడదీయబోవడం లేదు.

పైగా ఆ చంద్రుడి పుట్టుక నవతకు తెలుసు. మౌళే అన్నం తింటూ చెప్పాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. ముహూర్తానికి చంద్రుడు నిలబడి ఉండాలి, కొబ్బరికాయ దాని ముందే కొట్టాలి అని ఆర్ట్ డైరెక్టర్ వరప్రసాద్ నెత్తిన కూర్చున్నాడట. మౌళి లోపలి వంపు పొడవునా ఆగకుండా, ఒకే దమ్మున వెల్డింగ్ కొట్టేశాడు. చల్లారాక చూస్తే చంద్రుడి కొమ్ములు రెండూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. “ఇది నెలవంకా, జంతికా?” అని వరప్రసాద్ గంతులేశాడు. అప్పుడు మౌళి కొమ్ముల మధ్య జాకీ ఇరికించి వాటిని వెడల్పు చేశాడు. కొలత కుదరగానే అడ్డంగా ఒక రాడ్డు వెల్డు చేసి జాకీ లాగేశాడు. రాడ్డు కనపడకుండా ప్లైవుడ్ మబ్బు బిగించారు. పైన బంగారు రంగు కొట్టారు. చంద్రుడు దిద్దినట్టు నిలబడ్డాడు.

“ఆ రాడ్డు తీస్తేనో?” అని నవత అడిగింది.

“ఎందుకు తీస్తం?”

“తీస్తే ఏమైతది అంటున్న.”

“ఏం గాదు. జర మామిడికాయ తొక్కు ఇటియ్యి.”

నవత ఇంట్లో చీరలకు ఫాల్ కుడుతుంది. కొత్త ఫాల్‌ను నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి గానీ చీరకు వేయదు. తొందరపడి వేస్తే కట్టుకునేటప్పుడు బాగానే ఉంటుంది. మొదటి ఉతుకులో ఫాల్ ముడుచుకుంటుంది, చీర ముడుచుకోదు. ఒకటి లాగుతుంటే ఇంకొకటి ఆపుతుంటుంది. అంచంతా బుడగలు బుడగలుగా లేస్తుంది. ఇస్త్రీపెట్టె ఎంత అదిమినా అణిగినట్టే అణిగి మళ్లీ లేస్తుంది. మౌళి జాకీ సంగతి చెప్పినప్పటి నుంచి ఆమెకు ఆ బుడగల అంచే కళ్ల ముందు ఆడుతోంది.

స్టూడియో ఫ్లోర్‌లో అడుగుపెట్టేసరికి చంద్రుడు నేల మీద ఆనించి ఉన్నాడు. జీన్స్ ప్యాంటు అమ్మాయి ఒకతి స్టూలు మీద కూర్చుని, వర్ణిక కూర్చోబోయే చోటు కింద, బంగారు రంగు కాస్త గీకేసి, గోరంత మెరుపు రేకును అతికిస్తోంది. దానికి వెంట్రుకల్లాంటి తీగలున్నాయి.

“అమ్మా, ఆ అక్క చందమామకు బొట్టు పెడుతున్నది!” అని వర్ణిక కేకేసింది.

ఆ అమ్మాయి నవ్వింది. పేరు ప్రజ్ఞ. ఇన్సూరెన్సు వాళ్లు పరీక్ష చేయమని పంపిన ఇంజినీరు.

“ఏం చేస్తదమ్మా ఇది?” అని నవత అడిగింది.

“వెల్డింగ్ దగ్గర ఇనుము కరిగి, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కదక్కా. పక్కనున్న చల్లటి ఇనుము దాన్ని ముడుచుకోనివ్వదు. పైకి ఏమీ కనపడదు గానీ లోపల ఆ గుంజులాట అలాగే మిగిలిపోతుంది. రేపు ఈ రేకు నడిమధ్యలో సన్నటి బెజ్జం వేస్తాను. అక్కడ ఇనుము రవ్వంత సడలుతుంది. ఎంత సడలిందో ఈ రేకు చెప్తుంది. దాన్ని బట్టి లోపల ఎంత బిగుసుకుని ఉందో తెలుస్తుంది.”

ఫాల్ లెక్కనే అనుకుంది నవత. అనుకుని ఊరుకోలేక మౌళి వైపు చూసింది. అతను పక్కనే నిలబడి గ్రైండరు తీగను చుట్టిందే చుడుతున్నాడు.

ప్రజ్ఞ ల్యాప్‌టాప్ తెరిచి అతనికి చూపించింది. అందులో రంగురంగుల చంద్రుడు కొమ్ములు వంచుకుని ఉన్నాడు. “మౌళన్నా, మీరు చెప్పిన వరుసలో, లోపలి వైపు ఒకే దమ్మున వెల్డ్ చేస్తే కొమ్ములు ఇలా నాలుగు వేళ్ల మేర లోపలికి రావాలి. మళ్లీ మళ్లీ లెక్కేశాను. కానీ టేపు పెట్టి కొలిస్తే డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉంది. ఇంత చక్కగా ఎలా వచ్చింది?”

“మంచిగ చేస్తే మంచిగనే వస్తది మేడం.”

ప్రొడక్షన్ మేనేజర్ త్రినాథరావు అప్పుడే వచ్చాడు, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ. “వంకరగా ఉంటే అనుమానపడాలి గానీ తిన్నగా ఉందని అనుమానపడేవాళ్లని నిన్నే చూస్తున్నానమ్మా. సంతకం పెట్టేయ్. భోజనాలు చల్లారిపోతున్నాయ్.”

“తిన్నగా ఉండటమే నాకు నచ్చట్లేదు సార్.”

“నీకు సంబంధాలు చూడ్డం మీ నాన్నకి చాలా కష్టం.”

లైట్ల వాళ్లు నవ్వారు. ప్రజ్ఞ నవ్వలేదు. “రాడ్డు, సపోర్టు లాంటిదేమైనా పెట్టారా అన్నా?” అని మౌళినే అడిగింది.

మౌళి తల అడ్డంగా ఊపాడు. నవత నోరు తెరిచింది. మౌళి కళ్లు పెద్దవి చేశాడు. నవత నోరు అలాగే మూతపడింది. అందరి ముందు మొగుడిని అబద్ధాలకోరును చేయాలి, లేదా గుటక మింగాలి. గుటక మింగింది.

“జిగురు ఆరాలి. రేపు మధ్యాహ్నం వచ్చి బెజ్జం వేస్తాను,” అంది ప్రజ్ఞ సామాను సర్దుకుంటూ. “అందాకా దీని మీద రంగు వేయొద్దు, తుడవొద్దు, దేనితోనూ గుద్దొద్దు. అక్కా, మీరూ చూస్తుండండి.”

“నేను చూస్త,” అంది నవత.

సాయంత్రం ఇంట్లో బకెట్టులో ఫాల్‌లు నానుతున్నాయి. నవత గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడుకి పక్కింటి పిల్లాడు ఉలిక్కిపడి ఏడ్చాడు.

“గిన్నెలేం జేసినయే నిన్ను?” అన్నాడు మౌళి.

“ఆ పిల్ల అంత మంచిగ అడిగింది. చెప్పొచ్చు గద.”

“చెప్తే ఏమైతది? కొట్టి పారేయమంటరు. ఇంకొకన్ని పిలుస్తరు. మౌళికి చంద్రుణ్ని చేసుడు రాలేదని ఫిల్మ్‌నగర్ మొత్తం చెప్పుకుంటరు.”

“చెప్పుకుంటే చెప్పుకోని. మన పిల్ల గద ఎక్కేది!”

“మన పిల్ల గనుకనే చెప్తున్న. నా బిడ్డను నేను పడేస్తనా నవతా? ఇసుక బస్తాలు పెట్టి లేపినం, దించినం. నడుముకు బెల్టు గూడ కడతరు.”

“బెల్టు దేనికి కడతరు? ఆ చంద్రునికే గద కట్టేది!”

 జవాబు దొరకనప్పుడల్లా చేసే పనే మౌళి చేశాడు. వర్ణికను భుజం మీదికెక్కించుకుని ఐస్‌క్రీమ్ కొనిస్తానని బయటికి పోయాడు. నవత బకెట్టులో చేయి పెట్టి ఒక ఫాల్‌ను బయటికి తీసింది. పొద్దున ఉన్న పొడవు ఇప్పుడు లేదు. చూపిద్దామంటే చూసేవాడు ఐస్‌క్రీమ్ బండి దగ్గర ఉన్నాడు.

మర్నాడు పొద్దున పాటకు మొదటి పూజ. షూటింగు వాళ్ల ఆచారం అది. కెమెరా మొదలుకొని క్రేను దాకా, క్లాపు పలక దాకా, పనిచేసే ప్రతి వస్తువుకూ పసుపు, కుంకుమ పెట్టి గానీ ముట్టుకోరు. రెక్కల గౌనులో వర్ణిక కోడిపిల్లలా అటూ ఇటూ పరిగెడుతోంది. ఆమెతో పాటు అచ్చం అలాంటి గౌనే వేసుకున్న ఇంకో పిల్ల, నిహారిక. వర్ణిక ఏడిస్తేనో, అలిగితేనో ఆ పిల్లను కూర్చోబెడతారు. వెంట అమ్మమ్మ శేషారత్నం వచ్చింది.

“మీ పాప బెదురుగొడ్డులా ఉందేంటి నవతా?” అంది శేషారత్నం తమలపాకు మడుస్తూ. “మా నిహారికని ఏనుగెక్కించినా కిక్కురుమనదు తల్లీ. నీకేమైనా భయంగా ఉంటే మొహమాటపడకు సుమీ.”

“మాకేం భయంలేదు పెద్దమ్మా,” అంది నవత పళ్లు బిగించి.

పూజారి హారతి పళ్లెం ఆమె చేతికిచ్చాడు. “పిల్ల తల్లివి కదమ్మా. నీ చేత్తోనే అన్నిటికీ బొట్లు పెట్టు.”

కెమెరాకు పెట్టింది. క్రేను కొక్కేనికి పెట్టింది. చంద్రుడి రెండు కొమ్ములకూ తడి పసుపు రాసి కుంకుమ దిద్దింది. కూర్చునే చోటు దగ్గరికి వచ్చేసరికి కింద ఆ మెరుపు రేకు కనపడింది. నవత చేయి ఆగింది. ఈ ఫ్లోర్‌లో తన పిల్ల కోసం మేలుకుని ఉన్నది ఇదొక్కటే. తనకు చెప్పే నోరు లేకపోయింది. మౌళికి చెప్పే మనసు లేదు. మిగిలింది ఇదే. గంధం, కుంకుమ కలిపి చిక్కగా తడిపి, మిగతా వాటికన్నా పెద్ద బొట్టు పెట్టింది. ‘నువ్వే చెప్పాలె తల్లీ. నా నోట్లెకెల్లి వస్తలేదు’ అని లోపల దండం పెట్టుకుంది.

మధ్యాహ్నం ప్రజ్ఞ వచ్చి తీగలను ఒక చిన్న పెట్టెకు తగిలించింది. బెజ్జం వేయకముందు పెట్టెలో అంకె నిలకడగా ఉండాలట. నిలబడలేదు. పైకి పోయింది, కిందికి దిగింది, మళ్లీ ఎగబాకింది. ప్రజ్ఞ తీగలు విప్పి మళ్లీ బిగించింది. అంకెలు ఇంకా చెలరేగాయి.

“మా చంద్రుడు బాగానే ఉన్నాడు, నీ మిషనుకే పూనకం వచ్చింది!” అన్నాడు త్రినాథరావు. వరప్రసాద్ పగలబడి నవ్వాడు. మౌళి కూడా నవ్వబోయి నవతను చూసి మానుకున్నాడు.

ప్రజ్ఞ కిందికి వంగి చూసింది. వేలితో తాకి వేలు చూసుకుంది. ఎర్రగా ఉంది.

“దీని మీద తడి ఎవరు పెట్టారు?”

 నవతకు చెవులు వేడెక్కాయి.

“నేనే,” అంది. “బొట్టు పెట్టిన. రంగు వెయ్యొద్దన్నవు, తుడవొద్దన్నవు, గుద్దొద్దన్నవు. బొట్టు పెట్టొద్దని అనలేదు గద!”

ఫ్లోరంతా గొల్లుమంది. ప్రజ్ఞ మాత్రం స్టూలు మీద కూలబడి తల పట్టుకుంది. “అక్కా, దానికి చుక్క తడి తగిలినా ఇలాగే పిచ్చిపిచ్చిగా వాగుతుంది. ఆరాక పైన మైనం పూస్తే ఏ తడీ అంటదు. అది ఇవాళ పూద్దామనుకున్నా. ఇప్పుడిది పనికిరాదు. కొత్తది అతికించి మళ్లీ రేపు చూడాలి.”

చెప్పమని వేడుకున్న నోటినే తన చేత్తో మూసేసింది. నవతకు తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. మండినప్పుడు ఆమెకు ఏడుపు కూడా వస్తుంది, దానితో మంట ఇంకా పెరుగుతుంది.

“రేపు హీరోయిన్ గారు ఊళ్లో ఉండరు,” అన్నాడు త్రినాథరావు. “అమ్మాయ్, బస్తాలతో చూశాం. గట్టిగా ఉంది, తిన్నగా ఉంది. ఏం కాదు. ఏమ్మా నవతా, నీకు భయమైతే చెప్పేయ్. బలవంతం లేదు. నిహారిక ఉందిగా.”

ఆ మాట కోసమే కాచుకున్నట్టు శేషారత్నం మనవరాలి జుట్టు దువ్వడం మొదలుపెట్టింది. నవత వర్ణిక చేయి పట్టుకుంది. దారి దొరికింది. పిల్లను తీసుకుని ఆటో ఎక్కితే చాలు. మొగుడి పరువు నిలుస్తుంది, పిల్లా నేల మీదే ఉంటుంది.

అంతలో నిహారిక జారిన మేజోడును పైకి లాక్కుంటూ అడిగింది. “అమ్మమ్మా, చందమామ మీద చెప్పులు విప్పాలా?”

ఆ మేజోడు మళ్లీ జారింది. నవత దాన్నే చూస్తూ నిలబడింది. తన పిల్లను పక్కకు లాగితే తన భయమే దిగుతుంది. చంద్రుడు దిగడు.

“ఆ మబ్బు ఎనుక రాడ్డున్నది,” అంది.

“నవతా!” అన్నాడు మౌళి.

“ఏంది నవతా? అందరు నవతా నవతా అనేటోళ్లే, నవత మాట ఇనేటోడు ఒక్కడు లేడు! కొమ్ములు ముడుచుకున్నయ్. జాకీ పెట్టి ఎడల్పు జేసిండ్రు. మళ్లా ముడుచుకోకుండ రాడ్డు కొట్టిండ్రు. దాని మీద మబ్బు, మబ్బు మీద రంగు, రంగు మీద బొట్టు! ఆ పిల్ల నిన్నటికెల్లి అడుగుతనే ఉన్నది, ఇంత మంచిగ ఎట్లున్నదని. గట్ల బలవంతంగ పట్టుకుంటె ఉన్నది!”

త్రినాథరావు రుమాలుతో మెడ తుడుచుకోవడం ఆపేశాడు. వరప్రసాద్ ఏదో పని గుర్తొచ్చినట్టు లైట్ల వైపు చూశాడు. ప్రజ్ఞ లేచి మబ్బు బిగింపు విప్పి పక్కకు జరిపింది. బొటనవేలంత లావు రాడ్డు, దాని పక్కనే పైపు మీద జాకీ నొక్కిన గుంట.

“నా నాలుగు వేళ్లూ ఇక్కడ దాక్కున్నాయన్నమాట,” అంది.

మౌళి ముఖం కందగడ్డ అయింది. “రాడ్డు ఊరికే సపోర్టు మేడం. ఎప్పుడో సెట్ అయిపోయిందది. ఇప్పుడే కోస్త, చూడుండ్రి. చంద్రుడు వెంట్రుకవాసి కదిలితే నా పేరు మౌళి కాదు.”

“అందరూ దూరం జరగండి,” అని ప్రజ్ఞ అరుస్తూనే ఉంది. మౌళి గ్రైండరు అందుకున్నాడు. నిప్పురవ్వలు ఎగిరాయి. కోత సగందాకా దిగింది. అంతలో గ్రైండరు కీచుమని ఆగిపోయింది. రాడ్డు కోత మూసుకుని కటింగ్ వీల్‌ను పంటితో కరిచినట్టు పట్టేసుకుంది. మౌళి గుంజాడు. వీల్ ఠప్పున విరిగి ముక్క రేకుల గోడకు తగిలింది.

మౌళి కదల్లేదు. ఊరికే ఉన్న రాడ్డు వీల్‌ను కరవదు. రెండు వైపుల నుంచీ బలంగా నొక్కబడుతున్నదే కరుస్తుంది. రోజూ రాడ్డులు కోసేవాడికి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

“ఇంక కోయొద్దన్నా,” అంది ప్రజ్ఞ మెల్లగా.

ఆమె కూర్చునే చోటు కింద వెల్డింగు మీద రంగంతా గీకేసింది. ఎర్రటి మందు చల్లి కాసేపాగి గుడ్డతో శుభ్రంగా తుడిచింది. దాని మీద తెల్లటి పొడి మందు చల్లింది. పగులు ఉంటే అందులోకి దిగిన ఎరుపు తెలుపు మీదికి ఊరుతుందని చెప్పింది. అందరూ వంగి చూశారు. తెలుపు తెల్లగానే ఉంది. త్రినాథరావు హమ్మయ్య అనడానికి నోరు తెరిచాడు.

“అమ్మా, బొట్టు కారుతున్నది,” అంది వర్ణిక.

వెంట్రుకంత సన్నటి ఎర్రగీత. చూస్తుండగానే వేలెడు పొడవైంది. సరిగ్గా పిల్ల కూర్చునే చోటు కింద.

ఈసారి ఎవరూ ఏం కాదనలేదు. శేషారత్నం నిహారికను ఎత్తుకుని తలుపు దాకా వెళ్లి, అక్కడి నుంచి అందరినీ తిట్టడం మొదలుపెట్టింది. త్రినాథరావు ఫోను చెవికి పెట్టుకుని, “సార్, చంద్రుడికి ఒంట్లో బాలేదు సార్” అంటూ బయటికి నడిచాడు.

మౌళి నేల మీద కూర్చుండిపోయాడు. నవత దగ్గర తిట్లు దండిగా ఉన్నాయి, నిన్నటి నుంచి నానబెట్టినవి. అతను తన చేతులనే తిప్పి తిప్పి చూసుకుంటుంటే ఒక్కటీ పైకి రాలేదు. నీళ్ల సీసా ఇచ్చింది. అతను తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

“నేనే తాడు గట్టి లేపుదామనుకున్న,” అన్నాడు.

“నీళ్లు తాగు.”

“నా చేతులతోటే…”

“తాగమన్ననా? తాగు!”

పాట వాయిదా పడింది. మౌళిని తీసేయలేదు. తీసేస్తే రాడ్డు, మబ్బు, ముహూర్తం తొందర, అన్నీ ఎవరి నోటినుంచి ఎక్కడికి పోతాయోనని వరప్రసాద్‌కు భయం. కొత్త చంద్రుడిని మౌళే మొదలుపెట్టాడు, ప్రజ్ఞ ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని. వాళ్లిద్దరి పోట్లాటలు విని నవతకు తలనొప్పి వచ్చింది.

“ఇక్కడ బెత్తెడు కొట్టి, ఆపి, ఎదురు వైపు బెత్తెడు కొట్టు అన్నా. చల్లారనియ్యి.”

“గిట్ల ముక్కలు ముక్కలు కొట్టుకుంట పోతే ముసలోన్నయిత మేడం.”

“అయితే ముసలి చంద్రుణ్నే చేద్దాం.”

ఇంటికొచ్చి మౌళి బకెట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. నానుతున్న ఫాల్‌ను వేలితో కదిలించాడు. “ఎంతసేపు నానాలె ఇది?” అన్నాడు. నవత చెప్పింది. “అన్నిటికి ఓపిక గావాలె,” అని లేచిపోయాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టా, కానట్టా? పెళ్లైన దగ్గర్నుంచీ ఇదే గోల.

కొత్త చంద్రుడు కూడా చల్లారాక ముడుచుకున్నాడు, అర వేలు మేర. ప్రజ్ఞ లెక్కలో కూడా అంతే వచ్చింది. వరప్రసాద్ కళ్లు చికిలించి, “కొంచెం బొద్దుగా ఉన్నాడండీ. జాకీతో చిన్నగా…” అన్నాడు. మౌళి, ప్రజ్ఞ, నవత ముగ్గురూ ఒకేసారి తిరిగి చూశారు. “బొద్దుగా ఉంటేనే ముద్దుగా ఉంటుంది లెండి” అని సర్దుకున్నాడు.

పూజ రోజు పళ్లెం మళ్లీ నవత చేతికే వచ్చింది. చంద్రుడి దగ్గరికి వస్తుంటే ప్రజ్ఞ రెండు చేతులూ అడ్డం పెట్టింది. “అక్కా, దండం పెడతాను. ఆ బొట్టేదో నాకు పెట్టు, దానికొద్దు!”

నవత పెట్టింది, నుదురు నిండా. ప్రజ్ఞ అలాగే వంగి బెజ్జం వేసింది. అంకె కదిలింది, ఆగింది. ఆగిన అంకెను ల్యాప్‌టాప్ అంకె పక్కన పెట్టి చూసుకుని, తల పంకించి, ఇసుక బస్తాలు ఎక్కించమంది. పిల్ల బరువుకు ఎన్నో రెట్లు. చంద్రుడు పైకి వెళ్లి చాలాసేపు ఉండి దిగాడు. మళ్లీ ఎర్రమందు, తెల్లమందు. తెలుపు తెల్లగానే ఉండిపోయింది.

“ఇగ ఏం గాదు గద?” అని అడిగేసింది నవత. అడిగాక నాలుక కరుచుకుంది. తానేనా ఆ మాట అన్నది!

“ఆ మాట నేననను అక్కా,” అంది ప్రజ్ఞ. “ఇంత బరువు మోస్తుంది, ఇంతకు మించి ఎక్కించొద్దు అని మాత్రం రాసిస్తాను.”

నవతకు చిరాకేసింది. అవునంటే ఏం పోతుంది ఈ పిల్లకి? కానీ ఆ చిరాకు వెనక గుండె కాస్త నెమ్మదించింది.

లైట్లు వెలిగాయి. పొగ వదిలారు. హీరోయిన్ వచ్చి నిలబడింది. అందరూ వర్ణిక వైపు చూశారు. వర్ణిక రెక్కలు సర్దుకుని, చంద్రుణ్ని కిందినుంచి పైదాకా చూసి, “నేనెక్క,” అంది.

“ఎక్కవా?” త్రినాథరావు గొంతు పీలగా వచ్చింది.

“గది ఠప్పుమంటది.”

“అది పాతది బిడ్డా. ఇది కొత్తది,” అన్నాడు మౌళి.

“అమ్మ ఎక్కితే ఎక్కుత.”

ఇన్ని రోజుల గొడవంతా చేసి చివరికి ఇది! నవత పిల్లను చూసింది, మొగుణ్ని చూసింది, చేతి గడియారం చూసుకుంటున్న త్రినాథరావును చూసింది. “మోస్తదా నన్ను?” అని ప్రజ్ఞను అడిగింది. బస్తాల ముందు నువ్వెంత అన్నట్టు ప్రజ్ఞ తల ఊపింది. నవత చీర కుచ్చిళ్లు దోపుకుని చంద్రుడి మీద కూర్చుంది. మౌళి బెల్టు కట్టాడు. కట్టి లాగాడు, మళ్లీ లాగాడు.

“సాలు, ఊపిరి ఆడనియ్యి,” అంది.

చంద్రుడు లేచాడు. నవత కళ్లు మూసుకుంది. చెవులు మాత్రం మూయలేదు. కిర్రుమనలేదు. టిక్కుమనలేదు. కళ్లు తెరిస్తే కింద బంగారు మబ్బులు, వాటి వెనక రంగు లేని ప్లైవుడ్, మేకులు, ఎవరో పెట్టి మర్చిపోయిన టీ గ్లాసులు. చంద్రుడికి కూడా ముందువైపే బంగారం. వెనక చేయి పెడితే వట్టి ఇనుము. వేళ్లకు వెల్డింగు గరుకుగా తగిలింది. బెత్తెడు, ఆగి, మళ్లీ బెత్తెడు. ఓపికగా వేసిన కుట్టులా ఉంది. దాన్ని పట్టుకునే కూర్చుంది.

“బాగుందా అమ్మా?” కింద నుంచి వర్ణిక అరిచింది.

“గట్టిగున్నది,” అంది నవత. “దించుండ్రి ఇగ. పిల్లకు మేజోళ్లు జారుతున్నయ్, ఎవరన్న చూస్తున్నరా?”